రాలు వెండ్రుకలు - లోని వ్యాధులు

కొన్నేండ్ల క్రిందట, వైశాఖమాసపు టెండలో, నందివాడ ప్రాంతమునుండి ఒక యిల్లాలు మాకడకు వచ్చినది. ఆమె కుమారుని సంచిలో రక్తపరీక్షల చీటీలు, మందుల చీటీలు ఉన్నవి. ఆమె కొంగున మాత్రము ఒక కాగితపు పొట్లము ఉన్నది. కూర్చుండిన తోడనే ఆమె ఆ పొట్లమును విప్పి బల్లమీద పెట్టినది. మూడు దినములలో దువ్వెనకు వచ్చిన వెండ్రుక లవి.

ఆమెకు రెండేండ్లనుండి పెద్దప్రేగులో పుండ్లు పడు వ్యాధి కలదు. వైద్యులు దానిని అల్సరేటివ్ కొలైటిస్ అందురు. ఆ యేటి సంక్రాంతి దినములలో వ్యాధి మిక్కిలి ముదిరి, దినమునకు పదిమార్లు రక్తవిరేచనములైనవి. అప్పుడు వైద్యులు ఒక క్రొత్త మందు నారంభించిరి. మాఘమాసమునకు రక్తము కట్టినది. ఉగాది వచ్చునప్పటికి జుట్టు రాలుట మొదలైనది. ఇరుగుపొరుగువారు ఆ క్రొత్త మందే జుట్టును తినివేయుచున్న దనిరి. ఆమె మందు మానివేసినది. నెలన్నర గడచినది. జుట్టు రాలుట ఆగలేదు. ఆగియున్న రక్తము మరల మొదలైనది.

"జుట్టు సంగతి తరువాత చూతము, అమ్మా. ముందు రక్తము మాట చెప్పుము" అని మేమంటిమి. అందు కామె, "డాక్టరుగారూ, రక్తము పోవుట ఎవరికిని కానరాదు, జుట్టు పోవుట ఊరంతయు చూచును" అని బదులు చెప్పినది. ఆ మాట మాకు నేటికిని మరపునకు రాలేదు. నేటి ప్రసంగమునకు ఆ మాటయే మూలము.

దీర్ఘకాలము కాలేయవ్యాధితోగాని, ప్రేగువ్యాధితోగాని బాధపడువారికి వెండ్రుకలు పలుచబడుట తరచుగా జరుగు విషయము. వైద్యులు దీనిని చిన్న సంగతిగా ఎంచుట కలదు. రోగి అట్లెంచడు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమే యని మన సామెత. ద్వారకా తిరుమలలోనో, తిరుపతిలోనో మనసార తలనీలాలు సమర్పించి వచ్చిన స్త్రీ తల దించుకొని నడువదు. ఆ స్త్రీయే వ్యాధివలన పాపిట వెడల్పైన నాడు పేరంటమునకు పోవుటకు వెనుదీయును. ఇచ్చినది వేరు, పోయినది వేరు. కావున ఈ బాధను తేలికగా చూడరాదు. దీనిని తేలికగా చూచుటవలననే రోగులు వైద్యునితో చెప్పకుండ మందులు మానివేయుచున్నారు. ప్రమాదమంతయు అందున్నది.

ముందుగా వెండ్రుక జీవిత మెట్టిదో తెలిసికొందము. మన తలమీద సుమారు లక్ష వెండ్రుక లుండును. ఒక్కొక్క వెండ్రుక రెండునుండి ఆరేండ్లవరకు పెరుగును. నెలకు ఇంచుమించుగా ఒక సెంటీమీటరు పొడవగును. తరువాత రెండు మూడు వారములలో దాని పెరుగుదల ముగిసి, సుమారు మూడు నెలలు విశ్రాంతి పొంది, రాలిపోవును. దాని మూలమునందే క్రొత్త వెండ్రుక పుట్టును. ఆరోగ్యవంతుల తలనుండియు దినమునకు ఏబది మొదలు నూరు వెండ్రుకలు రాలుట సహజము.

మన డెల్టాలో వరిచేను ఒక్కసారిగా పండును, ఒక్కసారిగా కోతకు వచ్చును. తల అట్టి చేను కాదు. అది పలువిధముల చెట్లున్న పెరటితోట వంటిది. ఒక చెట్టు ఆకు రాల్చుచుండగా వేరొకటి చిగుర్చును. కావుననే తోట ఎన్నడును బోడిగా కానరాదు. అయితే తీవ్రమైన జ్వరము, పెద్ద శస్త్రచికిత్స, ప్రసవము, ఆకలి, రక్తనష్టము వంటిదేదైన శరీరమునకు తగిలినప్పుడు, పెరుగుచున్న వెండ్రుకలలో అనేకము ఒక్కుమ్మడిగా విశ్రాంతిలోనికి పోవును. తోట కాస్త వరిచేనగును. అప్పుడు కోత వెంటనే రాదు. రెండు మూడు నెలలు గడచిన పిదప వచ్చును.

ఈ రెండు మూడు నెలల యెడమే జనులను మోసగించుచున్నది. సంక్రాంతినాటి రక్తస్రావమునకు ఉగాదినాడు జుట్టు రాలినది. నడుమ మందు మొదలైనది గనుక నేరము మందుమీద పడినది. ఆ యిల్లాలి విషయమున జరిగిన దిదియే. మందు వాడిన దినములలో చేసిన రక్తపరీక్షలలో తెల్లకణములు తగ్గలేదు. ఇనుము నిల్వలు మాత్రము అడుగంటియున్నవి. దోషము వ్యాధిది, దానివలన కలిగిన రక్తహీనతది.

ప్రేగునకును కాలేయమునకును వెండ్రుకకును ఏమి సంబంధమని శ్రోతలు అడుగవచ్చును. వెండ్రుక ముఖ్యముగా మాంసకృత్తులతో నిర్మితమైనది. దాని మూలమునందలి కణములు శరీరమున అతివేగముగా విభజన చెందు కణములలోనివి. వేగముగా పనిచేయుదానికి సరకు నిరంతరము అందవలయును. మనము తిన్న అన్నమును జీర్ణించి లోనికి గ్రహించునది చిన్నప్రేగు. అట్లు గ్రహించినదానిలో ఎక్కువ భాగము ఒక ప్రత్యేక రక్తనాళము ద్వారా నేరుగా కాలేయమును చేరును. కాలేయము దానిని శుద్ధిచేసి, మార్చి, నిలువచేసి, శరీరమునకు పంచును. క్రొవ్వు జీర్ణమగుటకు వలసిన పైత్యరసమును తయారుచేయునదియు అదియే. ఒకటి కాలువ, రెండవది లాకు. కాలువ పూడినను, లాకు చెడినను, చివరి మడికే ముందుగా నీరు అందకపోవును. శరీరమున వెండ్రుక ఆ చివరి మడి వంటిది. గుండెకును మెదడునకును అందవలసిన దానిని శరీరము వెండ్రుకకు ఈయదు.

ఇట్లు కొరతపడు వస్తువులలో ముఖ్యమైనవి మాంసకృత్తులు, ఇనుము, జింకు, ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను, డి విటమిను. ప్రేగులనుండి రక్తము పోయినచో ఇనుము తగ్గును. విరేచనములు దీర్ఘకాలము సాగినచో జింకు నష్టమగును. చిన్నప్రేగు చివరిభాగము క్రోన్స్ వ్యాధివలన చెడినచో, లేక దానిని కోసి తీసివేసినచో, బి12 లోనికి పోదు. పైత్యరసము సరిగా ప్రవహింపనిచో డి విటమిను గ్రహింపబడదు.

ఈ సందర్భమున తెలుగువారమైన మనము తలచుకొనవలసిన పుణ్యపురుషు డొకడు కలడు. కొల్లేటికి ఈ వైపున నందివాడ యున్నది. ఆ వైపున భీమవరమున్నది. ఆ భీమవరమున 1895 జనవరి 12వ తేదీన ఎల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. ఆయన సోదరు లిరువురు కొద్ది దినముల యెడముతో ప్రేగువ్యాధికి బలియైరి. మన పెద్దలు సంగ్రహణి యనునదియు, పాశ్చాత్యులు స్ప్రూ అనునదియు నైన వ్యాధి అది. తిన్నది ఒంటబట్టదు, విరేచనములు ఆగవు, నోరు పూయును, రక్తము క్షీణించును, మనిషి ఎండిపోవును. సుబ్బారావును ఆ వ్యాధికే లోనై, ఆయుర్వేద నిపుణుడైన డాక్టరు ఆచంట లక్ష్మీపతి చికిత్సవలన కోలుకొనె నని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిరి.

పిదప ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చదివి అమెరికా వెళ్లి, హార్వర్డులో పరిశోధన సాగించి, 1940లో లీడర్లే ప్రయోగశాలలకు చేరెను. సంగ్రహణికి మందు కనుగొనవలెనను తలంపు ఆయనను విడువలేదు. అంతకుముందే, 1930 ప్రాంతమున, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారములో దానిని మాన్పు పదార్థ మేదియో కలదని చూపియుండెను. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి వేరుచేసిన పదార్థమునకు, ఆకునుండి వచ్చినది గనుక, ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. 1945లో సుబ్బారావు పర్యవేక్షణలోని శాస్త్రజ్ఞులు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. అనతికాలముననే అది సంగ్రహణి రోగుల రక్తహీనతను మాన్పినది. అన్నదమ్ములను పోగొట్టుకొన్నవాడు లోకమునందలి అన్నదమ్ములకు మందు తెచ్చెను. 1948 ఆగస్టులో ఆయన మరణించెను. నేడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో గర్భిణికి ఇచ్చు ఇనుప మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లమే కలదు.

ఈ కథకు రెండవ భాగముకూడ కలదు. ఫోలిక్ ఆమ్లము పనిని అడ్డగించు పదార్థములనుకూడ సుబ్బారావు బృందమువారే తయారుచేసిరి. వానిలో ఒకటియైన అమినోటెరిన్‌తో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుగల పిల్లలకు చికిత్స చేసి, 1948లో ఫలితములను ప్రకటించెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేట్ అను మందు నేడు కొందరు క్రోన్స్ రోగులకును ఇయ్యబడుచున్నది. ఇది వేగముగా విభజన చెందు కణములను నిలువరించును. కావున కొందరికి జుట్టు పలుచబడును. అందుచేతనే వైద్యులు దానితోపాటు, వేరు దినమున, ఫోలిక్ ఆమ్లమునుగూడ వ్రాయుదురు. కొందరు రోగులు ఆ చిన్న మాత్రను బలము మందని తలచి మానివేయుదురు. అది బలము మందు కాదు, కాపు మందు.

ఇప్పుడు మిక్కిలి జాగ్రత్తతో వినవలసిన విషయ మొకటి చెప్పెదము. మందువలన జుట్టు రాలదని మేము చెప్పుట లేదు. అజథయోప్రిన్ అను మందు ప్రేగుల వాపునకును, శరీరము తన కాలేయముపై తానే దాడిచేయు వ్యాధికిని వాడబడును. మంచి మందే. కాని మన ఆసియా జాతులవారిలో కొందరి శరీరమునకు దానిని నిర్వీర్యము చేయు శక్తి పుట్టుకతోనే తక్కువ. ఎన్‌యూడీటీ15 అను జన్యువునందలి మార్పు దీనికి కారణమని 2014లో కొరియా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. హైదరాబాదులోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులును వెయ్యిమందికి పైగా ప్రేగువ్యాధి రోగులను పరిశీలించి, మన దేశమునందును ఈ జన్యుపరీక్ష ఉపయోగకరమని 2020లో ప్రకటించిరి. ఆ మార్పు తల్లినుండియు తండ్రినుండియు రెండు వైపుల సంక్రమించినవారికి, మందు మొదలుపెట్టిన కొలది వారములలోనే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడును. దాని వెంబడి రక్తమునందలి తెల్లకణములు ప్రమాదకరముగా పడిపోవును. అట్టివారికి జుట్టు రాలుట అందమునకు సంబంధించిన విషయము కాదు. ప్రాణమునకు సంబంధించిన హెచ్చరిక.

కావున తేడాను గుర్తుంచుకొనుడు. వ్యాధి ముదిరిన రెండు మూడు నెలలకు జుట్టు తలయంతట సమముగా పలుచబడుట ఒక విధము. అజథయోప్రిన్ ఆరంభించిన కొలది వారములలో, జ్వరముతోగాని, గొంతునొప్పితోగాని, నోటిపూతతోగాని, లేక అవేవియు లేకుండగాని, జుట్టు వేగముగా ఊడుట మరియొక విధము. రెండవదానియందు ఆ దినముననే వైద్యుని చూచి రక్తపరీక్ష చేయించుకొనవలయును. మొదటిదానియందు కంగారుపడి మందు మానరాదు. ఏది ఏదో రోగి నిర్ణయింపజాలడు. ఇరుగుపొరుగు అసలే నిర్ణయింపజాలరు. చెప్పవలసినవాడు వైద్యుడు, చెప్పించుకొనవలసినది మనము.

మూడవ విధముకూడ కలదు. తలలో నాణెమంత గుండ్రని మచ్చగా వెండ్రుకలు ఊడును. మనవారు దీనిని పేనుకొరుకుడు అందురు. పేనునకును దీనికిని సంబంధము లేదు. శరీర రక్షణశక్తి దారితప్పి వెండ్రుక మూలముపై దాడిచేయుటవలన ఇది కలుగును. ఇట్టి దారితప్పిన రక్షణశక్తివలన కలుగు కొన్ని ప్రేగువ్యాధులతోడను ఇది అప్పుడప్పుడు కానవచ్చును. దీని చికిత్స వేరు.

ఇక కాలేయము మాట. సిరోసిస్ ముదిరిన పురుషులలో ఒక వింత కానవచ్చును. తలమీది జుట్టు నిలిచియుండగా, రొమ్ముమీదను చంకలలోను రోమములు రాలిపోవును. పురుషుల దేహమునందును స్త్రీ హార్మోను కొంత యుండును. చెడిన కాలేయము దానిని సరిగా విరిచివేయజాలదు. పురుష హార్మోనును తగ్గును. ఆ తారుమారువలన రోమములు రాలును, రొమ్ములు ఉబ్బును, అరచేతులు ఎఱ్ఱబారును. మద్యపానము సాగించువాడు తన రొమ్ముమీది రోమములు పోవుట గమనించినచో, అది వయస్సు మహిమ యని ఊరకుండరాదు.

మన పల్లెలలో కామెర్లకు పసరు పోయించి, నెలల తరబడి పథ్యము పెట్టుదురు. పప్పు లేదు, నూనె లేదు, గ్రుడ్డు లేదు, చేప లేదు; చారుమెతుకులు మాత్రమే. పూర్వము వైద్యులుకూడ కాలేయరోగులకు మాంసకృత్తులు తగ్గింపుమని చెప్పుచుండినమాట నిజమే. ఆ మతము నేడు మారినది. సిరోసిస్ రోగికి దేహపు బరువులో ప్రతి కిలోగ్రాముకును దినమునకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావలయునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అనగా ఏబది కిలోలవానికి 60 నుండి 75 గ్రాములు. రెండు పూటల పెద్ద భోజనముకంటె నాలుగైదు చిన్న భోజనములు మేలు. రాత్రి పరుండబోవుముందు కొంచెము తినుట మిక్కిలి మేలు. అట్టివాని శరీరము రాత్రి ఉపవాసమును ఓర్వజాలక తన కండను తానే కరిగించుకొనును.

నందివాడవారికి ఆహారము కొరత కాదు. ఊరిచుట్టు చేపలచెరువులే. పచ్చిచేపను బాగుగా ఉడికించి తినవచ్చును. కందిపప్పు, పెసరపప్పు, గ్రుడ్డు, పెరుగు, తోటకూర, మునగాకు ఉన్నవి. పొట్టలో నీరు చేరినవారు మాత్రము ఉప్పును తగ్గించి, బందరు, దివిసీమల ఉప్పుచేపను, ఆవకాయను దూరముగా నుంచవలయును. ప్రేగు ఇరుకైనవారు పీచుపదార్థములనుగూర్చి తమ వైద్యుని అడుగవలయును.

మరి బజారున దొరకు జుట్టు మాత్రలు, తైలములు ఏమని కొందరడుగుదురు. తైలము వెండ్రుకకు మెరుగునిచ్చును. కడుపులోని కొరతను తీర్చజాలదు. కొరత లేనివాడు జింకు నెక్కువగా తినినచో రాగి తగ్గి రక్తహీనత కలుగవచ్చును. ఎ విటమిను ఎక్కువైనచో కాలేయము చెడును, జుట్టుకూడ రాలును. బయోటిన్ మాత్రలు థైరాయిడు మొదలగు రక్తపరీక్షల ఫలితములను తారుమారు చేయగలవు. కాలేయరోగి ఇనుపమాత్రలనుగూడ పరీక్షలేనిదే తినరాదు. రక్తకణముల లెక్క, ఇనుము నిల్వ, బి12, ఫోలేట్, డి విటమిను, థైరాయిడు, కాలేయ పరీక్షలు - వీనిని చేయించి, ఏది తక్కువో దానినే పూరింపవలయును.

జుట్టును కాలేయమును కలుపు మరియొక ముడి మంగలి కత్తి. హెపటైటిస్ బి, సి క్రిములు రక్తముద్వారా సంక్రమించును. క్షౌరమునకుగాని, మ్రొక్కుబడి గుండునకుగాని, ఒక్కొక్కరికి క్రొత్త బ్లేడు వాడుమని అడుగుట మన హక్కు. బి వ్యాధికి టీకా కలదు. సి వ్యాధికి పూర్వము ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ సూదులవలన అనేకులకు జుట్టు పలుచబడెడిది. నేడు పండ్రెండు వారముల మాత్రలతో ఎక్కువమందికి ఆ వ్యాధి నయమగుచున్నది. 2018లో ప్రారంభమైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద ఈ పరీక్షలు, మందులు ఉచితముగా లభించును.

తిరిగి ఆ యిల్లాలి కథకు వత్తము. మరల రక్తపరీక్షలు చేసి, ఆమె మందును ఆమెకు తిరిగి ఆరంభించితిమి, ఇనుమును పూరించితిమి. "అమ్మా, ఇప్పుడు మరల రక్తము పోయినది గనుక శ్రావణమాసమున మరియొకసారి జుట్టు రాలును. అది మందు దోషము కాదు. రాలినచో మాకడకు రమ్ము, మందు మాత్రము మానకుము" అని ముందే చెప్పితిమి. శ్రావణమున జుట్టు రాలినది. ఆమె వచ్చినది, మందు మానలేదు. మరుసటి సంక్రాంతికి ఆమె పాపిటకు ఇరువైపుల వ్రేలెడు లేని పొట్టి వెండ్రుకలు నిలువుగా లేచి నిలిచినవి. అవి దువ్వెనకు లొంగుట లేదని ఆమె నవ్వుచు ఫిర్యాదు చేసినది. మునుపటి జడ ఆమెకు పూర్తిగా తిరిగి రాలేదు. కొప్పు చుట్టుకొనుటకు చాలునంత వచ్చినది. ప్రేగునుండి రక్తము పోవుట నిలిచినది.

శ్రోతలలో ఇట్టి వ్యాధిగలవారు గాని, వారి యింటివారు గాని ఉన్నచో, మా మనవి యొక్కటే. రాలిన వెండ్రుకలను పొట్లము కట్టి దాచుకొనకుడు. వైద్యుని యెదుట విప్పుడు. ఎప్పుడు మొదలైనదో, అంతకు మూడు నెలలముందు ఏమి జరిగినదో, ఏ మందు ఏ దినమున ఆరంభమైనదో ఒక కాగితముమీద వ్రాసికొని పొండు. సగము రోగనిర్ణయము ఆ కాగితముమీదనే యుండును. ఇంటివారు రోగి యెదుట ఆమె జుట్టును గూర్చి మాటాడకుండుట తక్కిన సగములో కొంత.